ఫిక్స్‌డ్ టారిఫ్ గడువు ముగిస్తే ఏం జరుగుతుంది? బ్రిటన్ బిల్లుల లెక్క, డాలస్‌తో పోలిక

బ్రిటన్‌లో సొంతంగా కరెంటు, గ్యాస్ బిల్లు కట్టుకునే వారికి ఏడాదికో రెండేళ్లకో కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. ఫిక్స్‌డ్ టారిఫ్ (ఒప్పుకున్న కాలం దాకా రేటు మారని ప్లాన్) ఫలానా తేదీతో ముగుస్తోంది, ఆ తర్వాత ఫలానా రేట్లు పడతాయి, కావాలంటే ఈ కొత్త ప్లాన్లు చూసుకోండి అని దాని సారాంశం. తెలుగు రాష్ట్రాల్లో కరెంటు కంపెనీని ఎంచుకునే పనే ఉండదు. అందుకే చదువుకో ఉద్యోగానికో కొత్తగా వెళ్లినవారు చాలాసార్లు దీన్ని కంపెనీ ప్రకటన అనుకుని పక్కన పెట్టేస్తారు. రెండు మూడు నెలలయ్యాక బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే డైరెక్ట్ డెబిట్ పెరిగినప్పుడు టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఆ మెయిల్‌కు జవాబివ్వకపోయినా పెద్ద ప్రమాదమేమీ లేదు. కానీ డబ్బు మిగుల్చుకునే అవకాశం ఒకటి అందులో ఉంటుంది, ఆ అవకాశానికి తేదీలు ఉంటాయి.

క్లుప్తంగా

గడువు దాటినంత మాత్రాన సరఫరా ఆగదు. కంపెనీ తన మామూలు రేటుకు మార్చేస్తుంది. ఆ రేటుకు రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్ పెట్టిన పరిమితి (ప్రైస్ క్యాప్) ఉంటుంది, అయితే ఆ పరిమితి మూడు నెలలకోసారి మారుతుంది. గడువుకు 49 రోజుల ముందు నుంచి ఎగ్జిట్ ఫీజు (ప్లాన్ మధ్యలో వదిలేస్తే పడే రుసుము) లేకుండా వేరే ప్లాన్‌కు మారొచ్చు. కొత్త ఫిక్స్‌డ్ ప్లాన్‌ను పాత రేటుతో పోల్చి బాధపడటం కంటే ఇప్పటి ప్రైస్ క్యాప్‌తో, అది ఎటు పోతోందన్న అంచనాతో పోల్చడం సరైన లెక్క. అమెరికాలోని టెక్సాస్‌లో ఇలాంటి క్యాప్ లేదు కాబట్టి అక్కడ గడువును మరచిపోతే దెబ్బ గట్టిగానే తగలొచ్చు.

ఫిక్స్ అయ్యేది రేటు, బిల్లు కాదు

ఫిక్స్‌డ్ ప్లాన్ తీసుకుంటే నెలకు ఇంతే కట్టాలి అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఒప్పందంలో మారకుండా ఉండేవి రెండే. ఒకటి, యూనిట్ రేటు, అంటే వాడిన ఒక్కో కిలోవాట్ అవర్‌కు పడే ధర. రెండు, స్టాండింగ్ ఛార్జీ, అంటే వాడినా వాడకపోయినా రోజుకింత అని పడే మొత్తం. చలి ఎక్కువై హీటింగ్ ఎక్కువసేపు నడిస్తే ఫిక్స్‌డ్ ప్లాన్‌లోనూ బిల్లు పెరుగుతుంది.

నెలనెలా బ్యాంకు నుంచి కట్ అయ్యే డైరెక్ట్ డెబిట్ మరో సంగతి. కంపెనీ ఏడాది మొత్తం వాడకాన్ని అంచనా వేసి దాన్ని 12 భాగాలు చేస్తుంది. వేసవిలో కట్టింది ఎక్కువ, వాడింది తక్కువ కాబట్టి ఖాతాలో డబ్బు మిగులుతుంది. చలికాలంలో ఆ మిగులు ఖర్చయిపోతుంది. కాబట్టి ఒక కంపెనీ నెలకు 110 పౌండ్లు, ఇంకొకటి 125 పౌండ్లు అన్నాయంటే మొదటిది చవక అని అర్థం కాదు. మొదటి కంపెనీ వాడకాన్ని తక్కువగా అంచనా వేసి ఉండొచ్చు. ప్లాన్లను పోల్చాల్సింది యూనిట్ రేటు, స్టాండింగ్ ఛార్జీలతోనే.

గడువు ముగిసినా ఏమీ చేయకపోతే

సాధారణంగా కంపెనీ ఆ ఇంటిని స్టాండర్డ్ వేరియబుల్ టారిఫ్‌లోకి మారుస్తుంది. ఇందులో ఎగ్జిట్ ఫీజు ఉండదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావొచ్చు. రేటు మాత్రం స్థిరంగా ఉండదు.

ఈ టారిఫ్‌కే ప్రైస్ క్యాప్ వర్తిస్తుంది. 2018లో చేసిన చట్టం ప్రకారం 2019 జనవరి 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఇది అమల్లో ఉంది. ఉత్తర ఐర్లండ్‌కు వేరే రెగ్యులేటర్, వేరే పద్ధతి. అంతకుముందు పాత కస్టమర్లు ప్లాన్ మార్చుకోరులే అన్న ధీమాతో కంపెనీలు వారి దగ్గర ఎక్కువ రేట్లు వసూలు చేసేవి, కొత్తవారికి మాత్రం చవక ప్లాన్లు చూపించేవి. దాన్ని అదుపు చేయడానికే క్యాప్ వచ్చింది. మొదట ఆరు నెలలకోసారి మారేది. 2022 అక్టోబర్ నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో మారుతోంది.

వార్తల్లో కనిపించే క్యాప్ అంకె చాలామందిని తికమక పెడుతుంది. 2025 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు క్యాప్ 1,755 పౌండ్లు అంటే ఏ ఇంటికీ ఏడాది బిల్లు అంతకు మించదని కాదు. సంవత్సరానికి 2,700 యూనిట్ల కరెంటు, 11,500 యూనిట్ల గ్యాస్ వాడే ఇంటిని నమూనాగా తీసుకుని, డైరెక్ట్ డెబిట్‌తో కడితే అయ్యే ఖర్చు అది. ఆ మూడు నెలలకు కరెంటు యూనిట్ సగటున 26.35 పెన్స్ (వంద పెన్స్ ఒక పౌండ్), రోజుకు స్టాండింగ్ ఛార్జీ 53.68 పెన్స్. గ్యాస్ యూనిట్ 6.29 పెన్స్, రోజుకు 34.03 పెన్స్. నమూనా వాడకంతో గుణించి 365 రోజుల స్టాండింగ్ ఛార్జీలు కలిపితే సరిగ్గా 1,755 వస్తుంది. వీటిలో 5 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి ఈ రేట్లు కొంత అటూ ఇటూ అవుతాయి. ఎక్కువ వాడే ఇల్లు ఎక్కువే కడుతుంది. పరిమితి రేటుకే గానీ వాడకానికి కాదు.

క్యాప్ చూసేది వెనక్కి, ఫిక్స్‌డ్ చూసేది ముందుకు

కొన్నిసార్లు ఫిక్స్‌డ్ ప్లాన్లు క్యాప్ కంటే చవకగా, కొన్నిసార్లు చాలా ఖరీదుగా ఎందుకు ఉంటాయి? గడువు ముగిసినప్పుడు తీసుకునే నిర్ణయమంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

కంపెనీలు కరెంటు, గ్యాస్‌ను హోల్‌సేల్ మార్కెట్లో కొంటాయి. ఈరోజు వాడేది ఈరోజే కొనరు. రాబోయే నెలలకు సరిపడా సరుకును ముందే ఒక ధరకు మాట్లాడుకుంటారు. ఒక ఇంటికి ఏడాది ఫిక్స్‌డ్ ప్లాన్ అమ్మిన కంపెనీ, ఆ ఇంటి ఏడాది వాడకాన్ని ఆ రోజుల్లో నడుస్తున్న ముందస్తు ధరలకు కొని పెట్టుకుంటుంది. అందుకే ఫిక్స్‌డ్ ప్లాన్ రేటు ఇవాళ్టి మార్కెట్‌ను దాదాపు వెంటనే చూపిస్తుంది. మార్కెట్ ఒక వారంలో పడితే పది పదిహేను రోజుల్లో ఫిక్స్‌డ్ ప్లాన్లూ తగ్గడం మామూలే.

ప్రైస్ క్యాప్ అలా కాదు. ఒక త్రైమాసికానికి రేటు నిర్ణయించడానికి ఆఫ్‌జెమ్ అంతకుముందు మూడు నెలల్లో మార్కెట్లో నడిచిన ముందస్తు ధరల సగటును తీసుకుంటుంది. ఉదాహరణకు జనవరి నుంచి మార్చి వరకు ఉండే క్యాప్‌కు ఆగస్టు మధ్య నుంచి నవంబర్ మధ్య దాకా నడిచిన ధరలే ఆధారం. నవంబర్ నెలాఖరులో ప్రకటన, జనవరి 1న అమలు. అంటే మార్కెట్ కదిలిన చాలా వారాలకు గానీ క్యాప్ కదలదు.

దీనివల్ల ధరలు దిగుతున్నప్పుడు ఫిక్స్‌డ్ ప్లాన్లు ముందే దిగి క్యాప్ కంటే చవకగా కనిపిస్తాయి. క్యాప్ కూడా కొన్ని నెలలకు దిగుతుంది. ధరలు ఎక్కుతున్నప్పుడు ఫిక్స్‌డ్ ప్లాన్లు ముందే ఎక్కి ఖరీదుగా కనిపిస్తాయి, క్యాప్ కాస్త ఆలస్యంగా వెంట వస్తుంది. కాబట్టి ఫిక్స్‌డ్ ఇవాళ్టి క్యాప్ కంటే 3 శాతం ఎక్కువ అనగానే దండగ అని తేల్చేయకూడదు. వచ్చే మూడు త్రైమాసికాల్లో క్యాప్ 8 శాతం పెరుగుతుందన్న అంచనా ఉంటే ఆ ప్లాన్ లాభమే కావచ్చు. అలాగే క్యాప్ తగ్గబోతోందని అంచనాలు ఉన్నప్పుడు, దానికంటే ఒక శాతమే చవకైన ప్లాన్‌లో రెండేళ్లు ఇరుక్కోవడం లాభసాటి కాదు. ఈ అంచనాలను కార్న్‌వాల్ ఇన్‌సైట్ అనే సంస్థ తరచూ విడుదల చేస్తుంది, పత్రికలు వాటినే ప్రచురిస్తాయి. రాబోయే త్రైమాసికానికి అవి బాగానే దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే లెక్కకు కావాల్సిన ధరలు అప్పటికే సగం వచ్చేసి ఉంటాయి. ఏడాది తర్వాతి అంచనాను మాత్రం వాతావరణ సూచనలా చూడాలి.

బిల్లులో ఉండేది హోల్‌సేల్ ధర ఒక్కటే కాదు. స్తంభాలు, తీగలు, పైపుల నిర్వహణ ఖర్చు, ప్రభుత్వ పథకాల భారం, కంపెనీ నిర్వహణ ఖర్చు, దాని లాభం కూడా ఉంటాయి. 2025 నవంబర్ బడ్జెట్‌లో బ్రిటన్ ప్రభుత్వం కొన్ని పథకాల ఖర్చును బిల్లుల నుంచి తప్పించి, 2026 ఏప్రిల్ నుంచి సగటున 150 పౌండ్ల మేర భారం తగ్గిస్తామని ప్రకటించింది. గ్యాస్ మార్కెట్‌తో సంబంధం లేకుండానే రేట్లు మారగలవని చెప్పడానికి ఇదో ఉదాహరణ.

2021లో ఫిక్స్‌డ్ ప్లాన్లు ఎందుకు మాయమయ్యాయి

2021 రెండో సగంలో ఐరోపా గ్యాస్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. బ్రిటన్‌లో చాలా సమయాల్లో కరెంటు ధరను నిర్ణయించేది గ్యాస్ ప్లాంట్లే కాబట్టి కరెంటు కూడా దాని వెంటే ఎక్కింది. కస్టమర్లకు చవక ఫిక్స్‌డ్ రేటు మాట ఇచ్చి, తాము మాత్రం ముందే సరుకు కొనిపెట్టుకోని చిన్న కంపెనీలు నిలబడలేకపోయాయి. దాదాపు 30 కంపెనీలు మూతపడ్డాయి. పెద్ద కంపెనీల్లో ఒకటైన బల్బ్‌ను 2021 నవంబర్‌లో ప్రత్యేక పాలన కిందికి తెచ్చారు.

కంపెనీ మూతపడితే ఇంటికి సరఫరా ఆగదు, ఖాతాలో ఉన్న మిగులు డబ్బూ పోదు. ఆఫ్‌జెమ్ మరో కంపెనీకి ఆ కస్టమర్లను అప్పగిస్తుంది. పోయేది పాత ఫిక్స్‌డ్ రేటు. కొత్త కంపెనీ దాన్ని కొనసాగించాల్సిన పని లేదు. ఈ సర్దుబాట్లకైన ఖర్చు చివరికి అందరి బిల్లుల్లోనూ పడింది. ఒక్కో ఇంటికి సుమారు 94 పౌండ్లు అని 2022లో అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ లెక్కగట్టింది.

క్యాప్ 2022 ఏప్రిల్‌లో 1,971 పౌండ్లకు చేరింది. రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తాక 2022 అక్టోబర్‌కు 3,549, 2023 జనవరికి 4,279 పౌండ్లు అయింది. ప్రభుత్వం జోక్యం చేసుకుని నమూనా ఇంటికి 2,500 పౌండ్ల స్థాయిలో రేట్లను ఆపింది. ఆ కాలంలో దొరికిన కొద్దిపాటి ఫిక్స్‌డ్ ప్లాన్లు క్యాప్ కంటే ఎంతో ఎక్కువగా ఉండేవి, కాబట్టి గడువు ముగిసినవారు చేతులు కట్టుకుని వేరియబుల్‌లో కూర్చోవడమే మంచిదైంది. మామూలు రోజుల్లో బద్ధకం అనిపించే పని అప్పుడు డబ్బు మిగిల్చింది. ఏ సలహా అయినా మార్కెట్ పరిస్థితిని బట్టే అని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

49 రోజులు, ఎగ్జిట్ ఫీజు

ఫిక్స్‌డ్ ప్లాన్ మధ్యలో బయటికి రావాలంటే చాలా కంపెనీలు ఎగ్జిట్ ఫీజు వసూలు చేస్తాయి. కరెంటుకు వేరు, గ్యాస్‌కు వేరు. ఒక్కోదానికి 50 పౌండ్లు అయితే రెండింటికీ కలిపి 100. కొత్త ప్లాన్ నెలకు 12 పౌండ్లు మిగిల్చేటట్టు ఉండి, పాత గడువు ఇంకా నాలుగు నెలలు ఉంటే మిగిలేది 48 పౌండ్లే. ఫీజు కట్టి వెళ్లడం నష్టం.

గడువు 49 రోజుల్లోపు ఉన్నప్పుడు మాత్రం ఆ ఫీజు వేయకూడదన్నది నిబంధన. కంపెనీ పంపే మెయిల్ కూడా గడువుకు 42 నుంచి 49 రోజుల ముందే రావాలి. కాబట్టి ఆ మెయిల్ వచ్చిందంటే ఫీజు లేకుండా వెళ్లే వీలు వచ్చినట్టే. మెయిల్ స్పామ్‌లోకి పోయినా, పాత ఫ్లాట్ చిరునామాకు ఉత్తరం వెళ్లినా హక్కు పోదు. ప్లాన్ తీసుకున్న రోజే ముగింపు తేదీకి 49 రోజుల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే చాలు.

మారడం కష్టమైన పనేమీ కాదు. 2022 జులై నుంచి కంపెనీ మార్పు ఐదు పనిదినాల్లో పూర్తవుతోంది. ఇంటికి ఎవరూ రారు, తీగలు మారవు, పైపులు మారవు. మారేది బిల్లు పంపేవారు మాత్రమే. పాత కంపెనీకి విడిగా చెప్పనక్కర్లేదు, కొత్త కంపెనీయే చూసుకుంటుంది. ఒప్పుకున్నాక 14 రోజుల్లో మనసు మార్చుకోవచ్చు కూడా.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. 49 రోజులు ఉన్నాయి కదా అని మొదటి రోజే మారిపోవడం అన్నిసార్లూ లాభం కాదు. పాత ఫిక్స్‌డ్ రేటు ఇప్పటి ప్లాన్లన్నింటికంటే చవకైతే చివరి రోజు దాకా దాన్ని వాడుకోవాలి. కొన్ని కంపెనీలు ఇవాళ్టి రేటును ఒప్పుకుని, పాత గడువు ముగిసిన మర్నాటి నుంచి కొత్త ప్లాన్ మొదలయ్యేలా చేస్తాయి. అడిగి చూడటంలో తప్పు లేదు.

రెండు ప్లాన్లను పోల్చే లెక్క

కరెంటు ఒక్కదాన్నే తీసుకుందాం. మొదటి ప్లాన్‌లో యూనిట్ 24.5 పెన్స్, రోజుకు స్టాండింగ్ ఛార్జీ 60 పెన్స్. రెండో ప్లాన్‌లో యూనిట్ 26 పెన్స్, స్టాండింగ్ ఛార్జీ 45 పెన్స్. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు.

ఇద్దరు ఉండే చిన్న ఫ్లాట్‌లో ఏడాదికి 1,800 యూనిట్లు వాడారనుకుంటే మొదటి ప్లాన్‌లో 441 పౌండ్లు వాడకానికి, 219 పౌండ్లు స్టాండింగ్ ఛార్జీకి, మొత్తం 660. రెండో ప్లాన్‌లో 468, 164.25 కలిపి 632.25. అంటే యూనిట్ రేటు ఎక్కువున్న ప్లానే దాదాపు 28 పౌండ్లు చవక. అదే నలుగురైదుగురు ఉండి 4,100 యూనిట్లు వాడే ఇంట్లో మొదటిది 1,223.50, రెండోది 1,230.25. లెక్క తారుమారైంది. ఈ రెండు ప్లాన్లు సమానమయ్యేది ఏడాదికి 3,650 యూనిట్ల దగ్గర. కాబట్టి పాత బిల్లులో ఉండే ఏడాది వాడకం అంకె చేతిలో లేకుండా ఏ పోలికా పనికిరాదు. ధరలు పోల్చే వెబ్‌సైట్లలో కూడా 'తక్కువ, మధ్యస్థం, ఎక్కువ' అనే బటన్లు నొక్కడం కంటే ఆ అంకెను వేయడం మేలు. కొన్ని వెబ్‌సైట్లు తమకు కమిషన్ ఇచ్చే ప్లాన్లనే ముందు చూపిస్తాయి, మొత్తం మార్కెట్ చూపించమనే ఎంపిక వేరేగా ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారికి ఇక్కడ ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 400 దాటాక యూనిట్ 9.75 రూపాయలు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. అందుకే శ్లాబు దాటకూడదన్న జాగ్రత్త మనవాళ్లలో బాగా నాటుకుపోయింది. బ్రిటన్ మామూలు టారిఫ్‌లో శ్లాబులు లేవు. మొదటి యూనిట్‌కూ చివరి యూనిట్‌కూ ఒకటే ధర. పైగా తక్కువ వాడేవారికి స్టాండింగ్ ఛార్జీ వల్ల సగటు ధర ఎక్కువ పడుతుంది.

రేటు పెరిగే భారం ఎవరు, ఎప్పుడు మోస్తారన్న దాంట్లోనూ తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో టారిఫ్‌ను విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) ఏటా ఖరారు చేస్తుంది. బొగ్గు, కొనుగోలు ఖర్చు అంచనా దాటితే ఆ తేడాను ట్రూ అప్, సర్దుబాటు ఛార్జీల పేరుతో తర్వాత వసూలు చేస్తారు. యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా సర్దుబాటు పడటం అక్కడి వినియోగదారులకు తెలిసిందే. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టడమన్నమాట. బ్రిటన్ ఫిక్స్‌డ్ ప్లాన్‌లో అలా వెనక్కి వెళ్లి వసూలు చేయడం ఉండదు. అంచనా తప్పితే నష్టం కంపెనీదే. ఆ రిస్క్‌కు ధరను ప్లాన్ రేటులోనే ముందుగా కలిపేస్తుంది. క్యాప్ కంటే కాస్త ఎక్కువున్న ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఆ అదనం కొంతవరకు బీమా ప్రీమియం లాంటిది.

ఏ నెలలో ముగుస్తోందన్నదీ ముఖ్యమే

బ్రిటన్ ఇళ్లలో గ్యాస్ వాడకంలో సింహభాగం అక్టోబర్ నుంచి మార్చి మధ్యే. వేసవిలో స్నానాల వేడినీళ్లు, వంట తప్ప గ్యాస్‌తో పెద్దగా పనుండదు. మే నెలలో గడువు ముగిసిన ఇల్లు రెండు నెలలు వేరియబుల్ టారిఫ్‌లో ఉండి మార్కెట్ చూసుకున్నా పోయేది స్వల్పం. అదే నవంబర్‌లో ముగిస్తే ప్రతి వారం ఆలస్యానికీ ఖర్చు కనిపిస్తుంది. 'ఏడాదికి ఇంత ఆదా' అని ప్రకటనల్లో చెప్పే అంకె ఏడాది పొడవునా సమానంగా రాదు, ఎక్కువ భాగం చలికాలంలోనే వస్తుంది.

స్మార్ట్ మీటర్ ఉన్నవారికి ఫిక్స్‌డ్, వేరియబుల్ కాక మూడో దారి ఉంది. ఎలక్ట్రిక్ కారు ఉన్న ఇళ్లకు అర్ధరాత్రి తర్వాత చాలా తక్కువ రేటు ఇచ్చే ప్లాన్లు, అరగంటకోసారి రేటు మారే ప్లాన్లు దొరుకుతాయి. ఆక్టోపస్ ఎనర్జీ నడిపే అజైల్ ఈ రెండో రకం. గాలి బాగా వీచిన రోజుల్లో యూనిట్ రేటు సున్నా కంటే కిందికీ పోతుంది. సాయంత్రం 4 నుంచి 7 వరకు మాత్రం మండిపోతుంది, యూనిట్‌కు గరిష్ఠంగా ఒక పౌండ్ వరకు పోవచ్చు. ఆ సమయంలోనే వంట చేసుకునే, పిల్లలు ఇంట్లో ఉండే కుటుంబానికి ఇది సరిపడదు.

చివరి రోజు రీడింగ్

స్మార్ట్ మీటర్ సరిగ్గా పనిచేస్తుంటే రీడింగ్ దానంతటదే వెళ్తుంది. పాత మీటరైతే, లేదా స్మార్ట్ మీటర్ మొరాయిస్తుంటే, గడువు ముగిసే రోజున రీడింగ్ పంపాలి. పంపకపోతే ఎన్ని యూనిట్లు పాత రేటులో పడాలి, ఎన్ని కొత్త రేటులో పడాలి అన్నది కంపెనీ అంచనా మీద వదిలేసినట్టే. తేదీ కనిపించేలా మీటర్ ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత వాదనకు పనికొస్తుంది.

గ్యాస్ మీటర్ దగ్గర ఇంకో విషయం చూసుకోవాలి. మీటర్ చూపేది యూనిట్లు కాదు, వాయువు ఘనపరిమాణం. ఒక ఘనపు మీటర్ గ్యాస్ సుమారు 11 కిలోవాట్ అవర్లకు సమానం. బాగా పాత మీటర్లు ఘనపు మీటర్లలో కాక వంద ఘనపుటడుగుల లెక్కన తిరుగుతాయి. వంద ఘనపుటడుగులంటే 2.83 ఘనపు మీటర్లు. కొత్త కంపెనీ రికార్డుల్లో మీటర్ రకం తప్పుగా నమోదైతే బిల్లు దాదాపు మూడు రెట్లు కావొచ్చు, లేదా మూడో వంతే రావొచ్చు. తక్కువ వచ్చింది కదా అని ఊరుకుంటే తర్వాత సరిచేసి బిల్లు వేస్తారు. అయితే తప్పు కంపెనీదే అయినప్పుడు 12 నెలల కంటే పాత వాడకానికి ఇప్పుడు బిల్లు వేయడానికి వీల్లేదు.

డాలస్‌లో గడువు దాటితే

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్, దాని చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లోనూ చాలా ఇళ్లకు కంపెనీని ఎంచుకునే పద్ధతి ఉంది. టెక్సాస్‌లో 2002 నుంచి ఈ పోటీ మార్కెట్ నడుస్తోంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో మాత్రం సొంత మున్సిపల్ సంస్థలతో దీనికి బయట ఉన్నాయి.

పెద్ద తేడా ఏమిటంటే అక్కడ ప్రైస్ క్యాప్ లేదు. ఫిక్స్‌డ్ ప్లాన్ ముగిశాక ఏమీ చేయకపోతే ఇల్లు నెలవారీ వేరియబుల్ ప్లాన్‌లోకి పోతుంది, అందులో రేటును కంపెనీ నెలనెలా మార్చుకోవచ్చు. బ్రిటన్‌లో గడువు మరచిపోయినవారికి రెగ్యులేటర్ రక్షణ ఎంతోకొంత మిగులుతుంది. డాలస్‌లో మరచిపోయినవారికి జులై, ఆగస్టు ఏసీ బిల్లుతో సంగతి తెలుస్తుంది. ఫీజు లేకుండా మారే వ్యవధి కూడా తక్కువ, గడువుకు 14 రోజుల ముందు నుంచే. ఇల్లు మారుతున్నవారికి మాత్రం కొత్త చిరునామా చూపితే మధ్యలో వదిలినా ఆ ఫీజు పడదు.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ హోల్‌సేల్ ధర మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్లకు, అంటే యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. హోల్‌సేల్ ధరనే నేరుగా కస్టమర్లకు వేసే గ్రిడ్డీ అనే కంపెనీ ఖాతాదారులకు కొద్ది రోజుల్లోనే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఫిక్స్‌డ్ ప్లాన్లో ఉన్నవారి యూనిట్ రేటు కదల్లేదు. ఆ ఏడాదే ఇళ్లకు అలాంటి ప్లాన్లు అమ్మకుండా చట్టం చేశారు. ఫిక్స్‌డ్ గడువు ముగిసే ముందు ఒప్పంద కాలం చివరి మూడో వంతులో మూడు నోటీసులు పంపాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.

టెక్సాస్‌లో జాగ్రత్త పడాల్సింది బిల్ క్రెడిట్ ప్లాన్ల దగ్గర. ఉదాహరణకు యూనిట్ 16 సెంట్లు, నెలకు 1,000 యూనిట్లు, ఆపైన వాడితే 100 డాలర్లు వెనక్కి అనే ప్లాన్. సరిగ్గా 1,000 వాడితే 60 డాలర్లే, యూనిట్‌కు 6 సెంట్లు పడినట్టు. ప్లాన్ వివరాల పట్టికలో 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు ధర చూపాలి కాబట్టి 1,000 దగ్గర ఇది మెరిసిపోతుంది. మార్చిలో ఏసీ అంతగా నడవక 950 యూనిట్లే వాడితే బిల్లు 152 డాలర్లు. తక్కువ వాడి ఎక్కువ కట్టినట్టు. దీనికి తోడు తీగల కంపెనీ వేసే డెలివరీ ఛార్జీలు ఫిక్స్‌డ్ ప్లాన్‌లోనూ మారుతుంటాయి. ధరలు పోల్చడానికి టెక్సాస్ విద్యుత్ రెగ్యులేటర్ అయిన రాష్ట్ర కమిషనే పవర్ టు చూజ్ అనే వెబ్‌సైట్ నడుపుతోంది, అందులోనూ ప్లాన్ వివరాల పట్టిక తెరిచి చదవాల్సిందే.

భారత్‌లోనూ ముంబైలో కొన్ని ప్రాంతాల్లో అదానీ, టాటా పవర్‌లలో ఒకదాన్ని ఎంచుకునే వీలుంది. ఒకే ప్రాంతంలో ఒకటి కంటే ఎక్కువ డిస్కంలకు దారి వేసే విద్యుత్ సవరణ బిల్లును కేంద్రం 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టి స్థాయీ సంఘానికి పంపింది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఇప్పటికీ ఏ ప్రాంతానికి ఆ డిస్కమే.

అద్దె ఇల్లు, బకాయి, ఫిర్యాదు

బ్రిటన్‌లో అద్దెకున్నవారు బిల్లు తమ పేరు మీద కడుతుంటే కంపెనీని మార్చుకోవచ్చు. అద్దెలోనే కరెంటు కలిసి ఉంటే ఆ నిర్ణయం ఇంటి యజమానిది. ఏడాదిలోపే ఇల్లు ఖాళీ చేసే ఆలోచన ఉన్న విద్యార్థులకు ఎగ్జిట్ ఫీజు లేని ప్లాన్ లేదా వేరియబుల్ టారిఫే సుఖం. కొన్ని కంపెనీలు ఫిక్స్‌డ్ ప్లాన్‌ను కొత్త ఇంటికి మార్చనిస్తాయి, అన్నీ కాదు. సెలవులకు రెండు నెలలు ఇండియాకు వచ్చేవారి ఇంట్లో వాడకం ఉండదు గానీ స్టాండింగ్ ఛార్జీ రోజూ పడుతూనే ఉంటుంది. ఆ మధ్యలో గడువు ముగిసేలా ఉంటే బయల్దేరే ముందే కొత్త ప్లాన్ ఖాయం చేసుకోవడం తేలిక.

28 రోజులకు మించిన బకాయి ఉంటే పాత కంపెనీ మార్పును ఆపగలదు. ముందే డబ్బు వేసి వాడుకునే ప్రీపేమెంట్ మీటర్ వారికి మాత్రం ఒక్కో ఇంధనానికి 500 పౌండ్ల లోపు బాకీ ఉన్నా దాన్ని వెంట తీసుకుని మారే వీలుంది. తక్కువ ఆదాయ కుటుంబాలకు చలికాలంలో ఇచ్చే 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్ అందుకునేవారు కొత్త కంపెనీ ఆ పథకంలో ఉందో లేదో చూసుకోవాలి. మరీ చిన్న కంపెనీలు కొన్ని ఉండకపోవచ్చు.

ఖాతా మూసేశాక పాత కంపెనీ ఆరు వారాల్లో చివరి బిల్లు పంపాలి, మిగులు డబ్బు ఉంటే ఆ తర్వాత 10 పనిదినాల్లో తిరిగివ్వాలి. అందుకే చివరి బిల్లు వచ్చి, డబ్బు చేతికి అందేదాకా డైరెక్ట్ డెబిట్‌ను బ్యాంకులో రద్దు చేయకపోవడం మంచిది. 49 రోజుల్లోపు మారినా ఎగ్జిట్ ఫీజు వేశారనుకోండి, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే, లేదా ఇక తాము చేయగలిగిందేమీ లేదని కంపెనీ లేఖ ఇస్తే, ఇలాంటి ఫిర్యాదులను స్వతంత్రంగా తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వినియోగదారుడికి ఖర్చేమీ ఉండదు. అక్కడి నిర్ణయాన్ని వినియోగదారుడు ఒప్పుకుంటే కంపెనీ దాన్ని పాటించి తీరాలి.